ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్: ఏ సామాను ముందు కొనాలి, స్టేజీ మీద ఎలా నెగ్గుకురావాలి

నా మొదటి పెళ్లి ప్రోగ్రాంలో నన్ను ముంచింది చేతిలోని గిటార్ కాదు, పక్కనున్న కీబోర్డ్ మీది ట్రాన్స్‌పోజ్ బటన్. పాట మొదలయ్యే ముందు "ఏ స్కేల్ అన్నా?" అని అడిగితే "సి మైనర్" అన్నాడు కీబోర్డ్ అన్న. సరే అని సి పట్టుకుని దిగాను. ఆయన అబద్ధం ఏం చెప్పలేదు, ఆయన వేళ్లు సి మైనర్ మీదే ఉన్నాయి, కాకపోతే గాయని శ్రుతి రెండున్నర (డి షార్ప్) కాబట్టి మెషీన్‌ను మూడు మెట్లు పైకి జరిపి పెట్టుకున్నాడు. పల్లవి మొదటి లైను మొత్తం నాదొక ఊరు, మిగతా బ్యాండ్‌ది ఇంకో ఊరు. ముందు వరసలో కూర్చున్న ఒక తాతగారు చెవి మిషన్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

బేస్ గురించి యూట్యూబ్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం సొంత యాంప్ కారులో వేసుకుని బార్‌కి వెళ్లి వాయించే అమెరికా వాళ్లవి. మన దగ్గర ఫంక్షన్ హాల్ అయినా, చర్చి అయినా, కాలేజీ ఫెస్ట్ అయినా మీ శబ్దం నేరుగా మైక్ సెట్ వాళ్ల మిక్సర్‌లోకి, అక్కడి నుంచి వాళ్ల సబ్‌లలోకి (లోతు శబ్దం పలికే పెద్ద స్పీకర్లలోకి) పోతుంది. మీ యాంప్ ఎంత గొప్పదైనా జనానికి వినబడదు. అందుకని డబ్బు ఖర్చు పెట్టే వరస కూడా మన దగ్గర వేరేగా ఉండాలి. అదే ఇక్కడ చెప్తున్నాను, వీలైతే ఇదే వరసలో చేయండి.

మొదటి పని: గిటార్, అందులోనూ నాలుగు తీగలా ఐదు తీగలా

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నాలుగు తీగలదే కొనమని అందరూ చెప్తారు. తప్పు లేదు. మెడ సన్నగా ఉంటుంది, చేయి త్వరగా అలవాటు పడుతుంది. కానీ మీ గురి ఆర్కెస్ట్రా మీద ఉంటే నేను ఐదు తీగలదే కొనమంటాను. కారణం మన శ్రుతులు. నాలుగు తీగల గిటార్‌లో అన్నిటికంటే కింది స్వరం ఇ, అంటే మన లెక్కలో మూడు శ్రుతి. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర శ్రుతుల్లో పాట పడితే ఆధార స్వరం కోసం పైకి ఎక్కాల్సిందే, ఎక్కగానే పాట కింద నేల తీసేసినట్టు ఉంటుంది. ఐదో తీగ బి వరకు దిగుతుంది, సుమారు 31 హెర్ట్జ్. నిజానికి అద్దెకు వచ్చే సబ్‌లలో చాలా వాటిలో 40 కింద పెద్దగా ఏమీ రాదు, మనం వినేది ఆ స్వరం పైన పుట్టే హార్మోనిక్స్‌నే. అయినా తేడా తెలుస్తుంది, పైగా ఐదు తీగలుంటే ఏ శ్రుతి అయినా చేయి పెద్దగా కదలకుండా మెడ మధ్యలోనే పని కానిచ్చేయొచ్చు.

మోడల్ విషయానికొస్తే, ఈ వాయిద్యం చరిత్ర మొత్తం దాదాపు రెండు గిటార్ల చుట్టూ తిరుగుతుంది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్, 1960లో వచ్చిన ఫెండర్ జాజ్. ప్రెసిషన్ పికప్‌ది (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) గుండ్రంగా, బొద్దుగా ఉండే శబ్దం, గోల ఎక్కువగా ఉండే బ్యాండ్‌లో కూడా నిలబడుతుంది. జాజ్‌కి రెండు పికప్‌లు, కొంచెం గొంతు ఎక్కువ, స్వరం స్వరం విడిగా వినబడుతుంది. మీరు కొనే ఇబానెజ్, యమహా, స్క్వయర్, కోర్ట్, ఏదైనా సరే, పికప్‌లు చూస్తే ఈ రెండింటిలో దేనికి దగ్గరో, లేక రెండూ కలిపిందో తెలిసిపోతుంది. మొదటి గిటార్‌కి కలిపింది మంచిది. లక్ష పెట్టక్కర్లేదు. 20 వేల చుట్టుపక్కల దొరికేవాటితో ఏళ్ల తరబడి ప్రోగ్రాంలు చేస్తున్నవాళ్లు నాకు తెలుసు.

యాక్టివా పాసివా అని అడుగుతారు. యాక్టివ్‌లో లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, గిటార్ మీదే బేస్, ట్రెబుల్ పెంచుకోవచ్చు. బాగుంటుంది, కానీ కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుందని చాలామందికి తెలియదు. రిహార్సల్ అయ్యాక రాత్రంతా కేబుల్ అలాగే వదిలేసి, మర్నాడు రిసెప్షన్‌లో మూడో పాటకి శబ్దం ముందు గరగరలాడి తర్వాత పూర్తిగా పోయిన అనుభవం నాకుంది. యాక్టివ్ కొంటే జేబులో ఇంకో బ్యాటరీ, దాని మూత విప్పే స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉండాలి.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడకండి. హైదరాబాద్‌లో ఎంఎస్‌కి అమెరికా వెళ్లే పిల్లలు జూన్, జూలైలో గిటార్లు అమ్మేస్తుంటారు, కొన్ని స్టిక్కర్ కూడా తీయకుండా ఉంటాయి. వెళ్లినప్పుడు గిటార్‌ని తుపాకీలా కంటికి ఆనించి మెడ వెంబడి చూడండి. కొంచెం వంపు ఉంటే పర్లేదు, మెలి తిరిగి ఉంటే మాత్రం వదిలేయండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ (మెడ మీది అడ్డ కమ్మీ) ఒక్కసారి వాయించండి, బేరం ఆడుతూనే వాయించొచ్చు. నాబ్‌లు తిప్పితే బరబరమంటే అది చిన్న జబ్బే. ట్రస్ రాడ్ (మెడ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) తిరుగుతుందో లేదో అడగండి, చివరి దాకా బిగించేసి ఉంటే వద్దు.

రెండో పని: సెటప్, తీగలు

కొత్త గిటార్ ఇంటికి రాగానే పెడల్స్ కోసం వెతక్కండి. ముందు సెటప్. మొదటి ఫ్రెట్టునీ చివరి ఫ్రెట్టునీ ఒకేసారి నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్టు దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య ఖాళీ చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరిపోతుంది. ఎక్కువ తక్కువలుంటే ట్రస్ రాడ్‌ని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకండి, తిప్పాక కాసేపు ఆగి మళ్లీ చూడండి. తర్వాత 12వ ఫ్రెట్టు దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి. చివరగా 12వ ఫ్రెట్టు మీద హార్మోనిక్‌నీ (నొక్కకుండా తీగని తాకి మీటితే వచ్చే స్వరాన్నీ), నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది పైకి పలికితే బ్రిడ్జ్ మీది శాడిల్‌ని (తీగ ఆనే చిన్న ముక్కని) వెనక్కి జరపాలి, కిందికి పలికితే ముందుకి. ఇదంతా చేతకాకపోతే చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, ఆ డబ్బు వృథా కాదు. సరిగా సెటప్ చేసిన చవక గిటార్, సెటప్ లేని ఖరీదు గిటార్‌ని తేలిగ్గా ఓడిస్తుంది.

మన వాతావరణం సంగతి వేరే చెప్పాలి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, వానాకాలంలో మెడ కదులుతుంది, మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీలో పెడితే జిగురే వదిలేస్తుంది. కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా సెటప్ చూసుకోవాలి. తీగలు మాత్రం ఖరీదే, మామూలు గిటార్ తీగలతో పోలిస్తే గుండె గుభేలుమంటుంది. నాలుగు తీగలకైతే 45 నుంచి 105, ఐదు తీగలకైతే 45 నుంచి 130 గేజ్ (మందం) నికెల్ రౌండ్‌వౌండ్‌తో (గరుకు చుట్టు తీగలతో) మొదలుపెట్టండి, అన్నిటికీ సరిపోతాయి. వాయించాక తుడిస్తే సగం ఆయుష్షు అక్కడే మిగులుతుంది. పాతబడిన తీగల్ని నీళ్లలో మరిగించి ఆరబెట్టి మళ్లీ వేసుకునే చిట్కా నిజంగానే పనిచేస్తుంది, కొన్నాళ్లే అనుకోండి. ఇంకో మాట, పాత సినిమా పాటలే ఎక్కువ వాయిస్తే తీగలు కొత్తగా మెరవాల్సిన అవసరం లేదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ (నున్నటి చుట్టు) తీగల్ని మార్చేవాడే కాదని పేరు, అదీ కుడిచేతి ఒక్క వేలితో.

మూడో పని: కేబుల్, ట్యూనర్, డీఐ

ఇక్కడే మనవాళ్లు పొదుపు చేసి నష్టపోతారు. 6 మీటర్ల మంచి కేబుల్ రెండు కొనండి, ఒకటి కాదు రెండు. కేబుల్‌ని పట్టీ లోపలి నుంచి ఒక చుట్టు తిప్పి గుచ్చితే ఎవరైనా తొక్కినా ఊడిపోదు, పెళ్లిలో తప్పకుండా ఎవరో ఒకరు తొక్కుతారు. పట్టీ వెడల్పుగా ఉండాలి. నాలుగు కిలోల చెక్కని మూడు గంటలు భుజాన మోసి చూస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది. పెడల్ ట్యూనర్ ఒకటి తీసుకోండి, దాన్ని తొక్కితే శబ్దం ఆగిపోతుంది కాబట్టి పాటకీ పాటకీ మధ్య అందరికీ వినిపించకుండా ట్యూన్ చేసుకోవచ్చు.

ఇక డీఐ బాక్స్. గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని మిక్సర్ దాకా, వంద అడుగుల కేబుల్‌లో కూడా గోల పట్టకుండా తీసుకెళ్లే పెట్టె ఇది. మైక్ సెట్ వాళ్ల దగ్గర ఉంటుందిలే అనుకుంటాం. ఉంటుంది, కానీ అది కీబోర్డ్‌కి వెళ్లిపోతుంది. మీది మీరే తెచ్చుకోండి. పాసివ్ గిటార్‌కి యాక్టివ్ డీఐ, యాక్టివ్ గిటార్‌కి పాసివ్ డీఐ అయినా ఫర్వాలేదు, అంతకుమించి లోతుకి పోనక్కర్లేదు. కొంచెం డబ్బుంటే ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచి శబ్దాన్ని దిద్దేది), డీఐ కలిసి ఉన్న పెడల్ కొనండి, టెక్ 21 వాళ్ల సాన్స్‌యాంప్ లాంటివి. తక్కువ బడ్జెట్‌లో బెహ్రింజర్ బీడీఐ21 ఉంది, ప్లాస్టిక్ డబ్బానే కానీ పని చేస్తుంది. అది ఉంటే ఏ హాల్‌కి వెళ్లినా మీ శబ్దం మీ చేతిలోనే ఉంటుంది, సౌండ్ అన్న మూడ్ మీద ఆధారపడక్కర్లేదు.

నాలుగోది చెవి. ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడికి తన బేస్ తనకి వినబడకపోవడమే అతి పెద్ద కష్టం. 41 హెర్ట్జ్ స్వరం అల పొడవే ఎనిమిది మీటర్లు దాటుతుంది, అందుకే స్టేజీ మీద మీరున్న చోట గుయ్‌మని మోగేది నాలుగడుగులు జరిగితే మాయమైపోతుంది. వైర్ ఉన్న మామూలు ఇన్-ఇయర్‌లు (చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు), నడుముకి తగిలించుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్, మిక్సర్ నుంచి ఒక లైను, ఇంతే కావాలి. ఆ లైను అడగడానికి మొహమాటపడకండి. ఇన్-ఇయర్ లేని రోజు కనీసం ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, చెవుల్లో ఒకసారి మొదలైన గుయ్ మోత అంత తేలిగ్గా వదలదు.

యాంప్ ఆఖరిది. ఇంట్లో సాధనకి హెడ్‌ఫోన్ చాలు. డ్రమ్స్ ఉన్న రిహార్సల్‌కి సొంత యాంప్ కావాలంటే 200 వాట్లకి తక్కువ తీసుకుని లాభం లేదు. ఇప్పటి క్లాస్ డి యాంప్‌లు రెండు మూడు కిలోలే ఉంటాయి, వెనకటి ఆంపెగ్ ఎస్‌వీటీ అనే భారీ యాంప్‌లాగా నలుగురు మోయక్కర్లేదు. మామూలు గిటార్ యాంప్‌లో బేస్ గుచ్చి వాల్యూమ్ పెంచొద్దు, స్పీకర్ చిరుగుతుంది. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే 4 ఓమ్‌లు అవుతుంది, యాంప్ వెనక ఎంత రాసుందో చూసి దానికి కిందికి మాత్రం పోవద్దు.

పాటలు తయారు చేసుకోవడం

లిస్టు రాగానే ప్రతి పాటకీ పాట పేరు, శ్రుతి, పాడేది ఎవరు, తాళం, మొదలు ఎవరిది, ఇవి ఒక్క లైన్‌లో రాసుకోండి. గాయకులు శ్రుతిని అంకెల్లో చెప్తారు, మీకు స్వరం పేరు కావాలి, కాబట్టి ఇది కంఠతా రావాలి: ఒకటి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. మూడున్నర ఉండదు. కీబోర్డ్ అన్నని మాత్రం "ఏ స్కేల్" అని అడగొద్దు, "వినబడేది ఏంటన్నా, ట్రాన్స్‌పోజ్ ఎంత పెట్టావు" అని అడగండి. నేను ఆ రెండో ప్రశ్న నేర్చుకోవడానికి ఒక పెళ్లి ఖర్చయింది.

ఇంకో ముఖ్యమైన అలవాటు. పాటని ఓపెన్ స్ట్రింగ్స్ (వేలితో నొక్కకుండా మీటే తీగలు) లేకుండా నేర్చుకోండి. ఓపెన్ తీగతో కట్టుకున్న లైను ఆ శ్రుతిలో మాత్రమే పనికొస్తుంది. గాయకుడికి జలుబు చేసి స్టేజీ ఎక్కేముందు "అరశ్రుతి దించుదాం బ్రదర్" అన్నాడంటే అంతా కొత్తగా వెతుక్కోవాలి. అన్నీ నొక్కి వాయించే ఆకారాలైతే చేయి ఒక ఫ్రెట్టు వెనక్కి జరుపుతారు, అంతే.

లైను ఎలా కట్టుకోవాలంటే, మొదట ఆధార స్వరం, దాని పంచమం, పై షడ్జమం, ఈ మూడింటితో పాట మొత్తం ఒక్కసారి పూర్తి చేయండి. అది నిలబడ్డాకే మిగతా సొగసులు. గాయకుడు పాడుతున్నప్పుడు తగ్గండి, ఊపిరి తీసుకునే చోట మీ చిన్న మాట చెప్పండి. ఇది వినాలంటే ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని బేస్ ఒక్కటే పట్టుకుని వినండి, శశిధరన్ వాయించిన లైన్లు పాట కింద ఇంకో పాటలా నడుస్తుంటాయి. రెహమాన్ దగ్గర వాయించిన కీత్ పీటర్స్‌ని వింటే ఎంత తక్కువ వాయించి ఎంత నింపొచ్చో తెలుస్తుంది. అయితే పాపులర్ లైన్లు ఉన్న పాటలకి మాత్రం ఉన్నదున్నట్టు దింపాల్సిందే, జనానికి పేరు తెలియకపోయినా తేడా తెలుస్తుంది.

మెట్రోనోమ్‌ని నాలుగు దెబ్బలకీ కొట్టనివ్వకండి, రెండూ నాలుగూ మాత్రమే కొట్టేట్టు పెట్టుకుని మిగతా రెండూ మీరే మోయండి. జానపదాలు, ఊపు పాటల కోసం సిక్స్-ఎయిట్ విడిగా సాధన చేయండి, మన ప్రోగ్రాంలలో సగం రాత్రి దాని మీదే నడుస్తుంది. కుడిచేయి ఎప్పుడు మీటాలో ఎంత ముఖ్యమో, ఎడమచేయి ఎప్పుడు ఆపాలో కూడా అంతే ముఖ్యం. కొత్తవాళ్ల బేస్ బురదగా వినబడటానికి కారణం గిటార్ కాదు, ఆపని స్వరాలు.

ప్రోగ్రాం రోజు

అందరికంటే అరగంట ముందు వెళ్లండి. గిటార్‌ని బ్యాగ్‌లోంచి తీసి బయట పెట్టండి, ఏసీ హాల్ చలికి అలవాటు పడ్డాక ట్యూన్ చేస్తే మళ్లీ మళ్లీ చేయక్కర్లేదు.

తర్వాత కరెంటు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లాన్స్‌లో, పందిళ్లలో జనరేటర్ మీద నడిచే చోట ఎర్తింగ్ ఉంటుందన్న నమ్మకం లేదు. మీ గిటార్ తీగలు ఒక ఎర్త్‌కి, మైక్ ఇంకో ఎర్త్‌కి కలిసి ఉంటే, కోరస్ పాడటానికి మైక్‌కి పెదవి తగలగానే షాక్ కొడుతుంది. టెస్టర్‌ని తీగలకీ మైక్ జాలీకీ ఆనించి చూడండి. వెలిగితే సరిచేసేదాకా వాయించను అని చెప్పేయండి. వెలగకపోయినా మైక్‌కి స్పాంజ్ తొడుగు వేసుకోండి. హమ్ వస్తుంటే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, అంతేగాని ప్లగ్ మూడో పిన్ను విరిచే ఘనుల మాట వినకండి. ప్రాణం పోతుంది.

నిలబడే చోటు డ్రమ్మర్‌కి హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) వైపు, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) తొక్కే కాలు కనబడేలా. ఆర్కెస్ట్రాలో అసలు డ్రమ్స్ బదులు ప్యాడ్స్ ఉంటే, కిక్ ఏ ప్యాడ్ మీద పెట్టుకున్నాడో అడిగి ఆ కర్ర మీదే కన్నేయండి. డోలక్, తబలా ఉంటే ఎడమచేతి గుమ్కీతో (జారే లోతు శబ్దంతో) మీ స్వరం గొడవ పడకుండా చూసుకోవాలి. ఇద్దరూ ఒకేచోట దిగితే బురదే.

సౌండ్ చెక్‌లో మీ వంతు వచ్చినప్పుడు సోలోలు వాయించి ప్రతాపం చూపించకండి. ప్రోగ్రాంలో ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా, ఒక్కో తీగ మీద నెమ్మదిగా వాయించండి. ఇంట్లో ఒంటరిగా వింటే బేస్, ట్రెబుల్ పెంచి మధ్యది తగ్గించిన శబ్దం అద్భుతంగా ఉంటుంది, స్టేజీ మీద అదే శబ్దం నీళ్లలో కలిసిపోతుంది. బ్యాండ్ మధ్యలో బేస్‌ని పైకి తేల్చేది 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్యలోని భాగం. పాలరాయి నేల, అద్దాల గోడలున్న ఫంక్షన్ హాల్లో మోత ఎక్కువైతే 200, 250 దగ్గర కొంచెం తగ్గించమనండి. సౌండ్ అన్నతో మర్యాదగా ఉండండి, టీ వచ్చినప్పుడు ఆయనకి ముందు ఇప్పించండి. ఈక్యూ (శబ్దంలో ఏ భాగం పెంచాలో తగ్గించాలో సర్దేది) గురించి ఎన్ని చదివినా ఆ టీకి ఉన్న బలం వేరు.

వాయించేటప్పుడు తప్పు పడితే ముఖం మార్చకండి. తప్పు స్వరానికి సరైన స్వరం ఎప్పుడూ ఒక ఫ్రెట్టు దూరంలోనే ఉంటుంది, జారిపోండి, కావాలనే అలా వాయించారనుకుంటారు. దారి పూర్తిగా తప్పితే తీగలు మూసేసి, కిక్‌తో పాటు టక్ టక్‌మని మూగ దెబ్బలు కొడుతూ పాట మళ్లీ దొరికేదాకా ఆగండి. రాత్రి 10 తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు నిబంధనల ప్రకారం ఆపాలి, పోలీసులొస్తే లిస్టులో చివరి ఐదు పాటలు ఎగిరిపోతాయి, కాబట్టి మీరు బాగా సిద్ధమైన పాటలు ముందుకి వేయమని లీడర్‌ని ముందే అడగండి.

డబ్బు మాట కూడా ముందే. ఎంత, అడ్వాన్స్ ఎంత, బండి చార్జీలు ఎవరివి, సౌండ్ చెక్ ఎన్నింటికి, భోజనం ఉందా, ఎన్నింటికి వదులుతారు, ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడాక వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టేయండి. ఒకసారి పొరుగు జిల్లాలో అర్ధరాత్రి ప్రోగ్రాం ముగించుకుని చూస్తే పిలిచినాయన ఫోన్ స్విచాఫ్, బస్టాండ్‌లో గిటార్ ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. అప్పటినుంచి స్టేజీ దిగకముందే మిగతా డబ్బు లెక్క చూసుకుంటున్నాను.

అన్నీ అయిపోయాక అలసటగా ఉంటుంది, బిర్యానీ పిలుస్తుంటుంది. అయినా ముందు గిటార్‌కి గుచ్చిన కేబుల్ తీయండి, పొడిగుడ్డతో తీగల్ని పైనా కిందా తుడవండి, డీఐ, రెండు కేబుల్‌లు, బ్యాటరీ, ట్యూనర్ లెక్కపెట్టి బ్యాగ్‌లో వేయండి. కేబుల్ మీద రంగు టేపు చుట్టుకుని ఉంటే మైక్ సెట్ వాళ్ల కట్టలో కలిసిపోయినా ఇట్టే దొరుకుతుంది.